కూర్చోకూడని మంచం

ఆ ఇంటి ధర చెవిన పడగానే నేను గేటు దగ్గరే ఆగిపోయాను. మా వంశంలో ఏడు తరాలవాళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని దాచినా ఆ ఇంట్లో వంటగది కూడా రాదు.

"నడు అబ్బాయ్. చూసినందుకు టిక్కెట్టు లేదు," అంది మా వదిన.

మా వదిన డిటెక్టివ్. నేను ఆవిడకి మరిదిని, డ్రైవర్ని, గుమాస్తాని. జీతం మాటెత్తితే ఇంటిమనిషినైపోతాను, పొరపాటు చేస్తే ఉద్యోగినైపోతాను. అయినా ఆవిడని వదల్లేను. ఆవిడ ఒక గదిలోకి వెళ్ళి చూడటం మొదలుపెడితే నాకు చిన్నప్పుడు గారడీ చూస్తూ నోరు తెరుచుకుని నిలబడ్డ రోజులు గుర్తొస్తాయి.

మమ్మల్ని పిలిచిన అమ్మాయే తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అమ్మ పొద్దున్నుంచీ కనబడటం లేదండీ. ఫోన్ కలవడం లేదు. అలిగి ఎక్కడికో పోయింది, అదే వస్తుందిలే అంటున్నాడు మావయ్య. పోలీసులదీ అదే మాట. అమ్మ అలుగుతుంది, కాదనను. కానీ పొద్దున్నే నాకు ఫోన్ చేసి తిట్టకుండా మాత్రం ఉండదు."

"తిట్టడమెందుకు?"

"ఇంకా లేవలేదా అని."

వదిన నవ్వలేదు. కూతుర్ని రోజూ తిట్టి లేపే తల్లి ఒక్కరోజు తిట్టడం మానేసిందంటే దానికి కారణం ఉండి తీరాలి.

సంగతి ఇదీ. ఇల్లు సగం ఆ తల్లిది, సగం ఆవిడ తమ్ముడిది. తమ్ముడు తన సంసారంతో వేరే చోట ఉంటాడు. అక్కగారొక్కరే ఇక్కడ ఉంటున్నారు. అమ్మేద్దామని తమ్ముడు, అమ్మనని అక్క. చివరికి "అమ్మకానికి పెట్టి చూడు, సంతకం సంగతి తర్వాత చూద్దాం" అని ఆవిడ సగం దిగొచ్చింది. కొనేవాళ్ళు తమ ధరలు కవర్లలో పెట్టి బ్రోకరుకి ఇచ్చారు. సాయంత్రం ఆరు గంటలకి ఈ ఇంట్లోనే ఆ కవర్లు తెరుస్తారు. అక్కగారు ఎదురుగా ఉండి వద్దంటే బేరం ఆగిపోతుంది. లేకపోతే ఆవిడ తరఫున కూడా తమ్ముడే సంతకం పెట్టొచ్చు. కిందటేడు ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆ అధికారం ఆవిడే రాసిచ్చింది.

అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది.

లోపల అడుగు పెట్టగానే నోరెళ్ళబెట్టాను. నేను చాలా ఇళ్ళు చూశాను గానీ ఇంత అందంగా ఉన్న ఇల్లు చూడలేదు. గోడలు పాలమీగడ రంగు. హాలు మధ్యలో ఒక సోఫా, దాని మీద ఒకే ఒక్క దిండు, ఆ దిండు ఎంత వంగి ఉండాలో కొలిచి పెట్టినట్టుంది. బల్ల మీద గిన్నెలో ఆకుపచ్చ యాపిల్ పళ్ళు, అన్నీ ఒకే సైజు. గోడకి దుమ్ము లేదు, నేలకి గీత లేదు. గాలిలో అప్పుడే కాచిన కాఫీ వాసన. కాఫీ కాచిన జాడ మాత్రం ఎక్కడా లేదు.

"వదినా, ఇలాంటి ఇంట్లో మనుషులుంటారా?"

"ఉండరు. ఉంటారని కొనేవాడికి అనిపించాలి, అంతే. ఇప్పుడు ఇదో పెద్ద వృత్తి. అమ్మబోయే ఇంటికి ముస్తాబు చేస్తారు. ఇంటివాళ్ళ సామాను మొత్తం తీసేసి, వీళ్ళ సామాను పెడతారు. ఇల్లు అమ్ముడయ్యాక పట్టుకుపోతారు."

"మేకప్ మేడమ్ అంటామండీ ఆవిడని," అంది అమ్మాయి. "వెనక తోటలో కుండీలు సర్దుతున్నారు. వారం రోజులుగా మమ్మల్ని ఏదీ ముట్టుకోనివ్వడం లేదు."

అప్పుడు మెట్ల మీంచి దిగాడు తొందర ఇన్‌స్పెక్టరు. ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు. కేసు ఫైలు తెరవకముందే మూసేయడంలో ఆయనకి సాటి లేరు. మనిషి నిండుగా ఉంటాడు. మా వదినని చూస్తే ఆయనకి చెప్పులో రాయి పడ్డట్టుంటుంది.

"ఓహో, వచ్చారూ! ఆలస్యమైంది మేడమ్. కేసు అయిపోయింది."

"అలాగా? ఎవరు చేశారు?"

"ఎవరూ ఏమీ చేయలేదు. ఆవిడ రాత్రి ఇక్కడే పడుకుంది, పొద్దున్నే వెళ్ళిపోయింది. మంచం నలిగి ఉంది, బాత్‌రూమ్‌లో తువ్వాలు తడిగా ఉంది, ఒక చిన్న పెట్టె కనబడటం లేదు. పెద్దవాళ్ళ అలక. నాలుగు రోజుల్లో ఆవిడే తిరిగొస్తుంది. మీ ఫీజు దండగ."

"ఫీజు సంగతి నేను చూసుకుంటాను లెండి. ఆవిడని ఆఖరుగా చూసిందెవరు?"

ఇన్‌స్పెక్టరు వెనక నిలబడ్డ మనిషి గొంతు సవరించుకున్నాడు. తమ్ముడుగారు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, నిద్ర లేని మొహం. ఆ ఇంటిని చూస్తున్నప్పుడల్లా ఆయన కళ్ళలో ఒక వెలుగు వస్తోంది. నాకు కోపం రాలేదు. కాసేపటి క్రితం గేటు దగ్గర నా కళ్ళలోనూ అదే ఉండి ఉంటుంది.

"నేనేనండీ. పొద్దున్న ఏడింటికి ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చాను."

"అక్కగారు లేచే ఉన్నారా?"

"ఆ. పైన గదిలో, మంచం మీద."

"పడుకుని?"

"కూర్చుని. దిండుకి ఆనుకుని."

"కాళ్ళు చాపుకునా, కిందికి వేలాడేసుకునా?"

"ఈ వివరాలెందుకు మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ముసలిదాన్నవుతున్నాను కదండీ, బొమ్మ కట్టుకుంటే గానీ అర్థం కాదు. చెప్పండి."

"బాసిపట్టు వేసుకుని," అన్నాడు తమ్ముడుగారు. "టీ తాగింది. నేను పక్కనే కూర్చుని నచ్చజెప్పబోయాను. ఇలాంటి ధర ఈ జన్మలో మళ్ళీ రాదక్కా అన్నాను. కోపం వచ్చింది. లేచి, స్నానం చేసి, పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది."

"మీరూ పక్కనే కూర్చున్నారు. అదే మంచం మీద."

"అవును. ఏం?"

"ఏం లేదు. అక్కాతమ్ముళ్ళు అంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకోవడం వింటేనే ముచ్చటగా ఉంది."

అందరం పైకి వెళ్ళాం. పడకగది చూసి నేను మళ్ళీ నోరెళ్ళబెట్టాను. తెల్లటి దుప్పటి, దాని మీద బూడిదరంగు బొంత, నాలుగు దిళ్ళు. బొంత ఒక పక్కకి లాగి ఉంది. ఒక దిండు మధ్యలో గుంట పడి ఉంది. ఇంత చక్కటి గదిలో ఆ నలిగిన పక్క ఒక్కటే మనిషి జాడ.

వదిన ముందు మంచం చూడలేదు. నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళింది. అద్దం పక్కన కడ్డీకి రెండు తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. రెండింటికీ నడుం దగ్గర సన్నటి రిబ్బను, పువ్వులా ముడి వేసి ఉంది. ఒకటి పొడిగా, ఒకటి తడిగా ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టరు గారూ, మీరు స్నానం చేశాక ఒళ్ళు ఎలా తుడుచుకుంటారు?"

"ఇదేం ప్రశ్నండీ?"

"రిబ్బను విప్పి తుడుచుకుంటారా, కట్టి ఉండగానే తుడుచుకుంటారా?"

ఆయన తువ్వాలు వంక చూశాడు. రిబ్బను వంక చూశాడు. "మళ్ళీ కట్టుకుని ఉంటుంది," అన్నాడు.

"అలిగి ఇల్లు వదిలి పోతున్న మనిషి తువ్వాలుకి రిబ్బను కట్టి పోతుందా? సరే, మీరన్నదే నిజమనుకుందాం. ఆవిడ పళ్ళు తోముకునే బ్రష్ ఏది?"

"పెట్టెలో పెట్టుకుపోయింది."

"సబ్బు?"

అక్కడున్న సబ్బు ఆకు ఆకారంలో ఉంది. ఆకు ఈనెలు కూడా చెరగలేదు. నేనింతసేపూ ఆ సబ్బు అందమే చూశాను గానీ అది ఒక్కసారి కూడా నీళ్ళు తగలని సబ్బని నాకు తట్టలేదు. వదిన అంతా రెండు చూపుల్లో పట్టేసింది.

"సబ్బులూ తువ్వాళ్ళూ పట్టుకుని కేసులు నడపలేం మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు, చెవులు ఎర్రబడుతుండగా. "మంచం ఉంది. మనిషి పడుకున్న మంచం. దానికేమంటారు?"

వదిన గదిలోకి వచ్చి మంచం చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి కింద చూడలేదు, దుప్పటి ఎత్తలేదు. అంచు మీద చూపుడువేలు ఆనించి మెల్లగా నొక్కింది. మళ్ళీ నిటారుగా నిలబడి, ఎంతో మర్యాదగా అంది:

"చాలాసేపట్నుంచి నిలబడే ఉన్నారు ఇన్‌స్పెక్టరు గారూ. కూర్చోండి. కూర్చుని మాట్లాడుకుందాం."

గదిలో కుర్చీ లేదు. ఇన్‌స్పెక్టరు అధికారం ఉట్టిపడేలా వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

మరుక్షణం ఆయన కనబడలేదు. పెద్ద చప్పుడుతో పరుపు మధ్యకి విరిగింది, బొంత పైకి లేచింది, దిళ్ళు నాలుగు దిక్కులా ఎగిరాయి. బొంత మడతల్లోంచి రెండు బూట్లు మాత్రం బయటికి కనబడుతున్నాయి. నేనూ అమ్మాయీ చెరో చెయ్యి పట్టి లాగితే లేచాడు. ఆయన వెనక దుప్పటి తొలగిపోయింది. మంచం లేదు. పరుపూ లేదు. ఖాళీ అట్టపెట్టెలు వరసగా పేర్చి, పైన పలచటి స్పాంజి పరిచి, దుప్పటి కప్పారు.

అట్టపెట్టెలు ఇంత మంచమై కూర్చోవడం చూసి నాకు ఒకపక్క దిగ్భ్రమ, ఒకపక్క ఆ పనితనానికి దండం పెట్టాలనిపించింది.

కింది నుంచి మెట్లు దడదడలాడాయి. మట్టిచేతులతో పరుగెత్తుకొచ్చిన మేకప్ మేడమ్ గుమ్మంలోనే గుండె పట్టుకుంది.

"నా మంచం! ఎవరు కూర్చున్నారు? కూర్చోకూడదని అందరికీ లక్షసార్లు చెప్పాను! ఇల్లు చూడటానికొచ్చినవాళ్ళు ఎవరూ మంచం మీద కూర్చోరండీ, అదే మా ధైర్యం. అసలు మంచం పెడితే గది ఇరుకుగా కనబడుతుంది. అందుకే ఇలా కట్టాను, మామూలు మంచం కంటే చిన్నదిగా. ఆరు గంటలకి జనం వస్తారు, నేనిప్పుడేం చెయ్యను?"

వదిన తమ్ముడుగారి వైపు తిరిగింది.

"మీ అక్కగారు ఇక్కడ బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు. మీరు పక్కనే కూర్చున్నారు. ఇద్దరూ కలిసి ఇన్‌స్పెక్టరు గారి కంటే తేలికా?"

అమ్మాయి మావయ్య చొక్కా పట్టుకుంది. "మావయ్యా, అమ్మేది? ఎందుకబద్ధం చెప్పావు? అమ్మేది?"

"నాకేం తెలుసే! నేను... పక్క సర్దానంతే. బేరం చెడిపోతుందని. అదెక్కడికి పోయిందో నాకేం తెలుసు!"

"ఉండమ్మా," అంది వదిన, ఆయన్ని వదిలేసి మేకప్ మేడమ్ దగ్గరికి వెళ్తూ. "ఈ వారం అక్కగారు రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నారు?"

"కూతురి దగ్గర ఉంటానన్నారండీ."

"నా దగ్గరా?" అమ్మాయి తెల్లబోయింది. "నాతో ఇక్కడే పడుకుంటున్నానని చెప్పిందే!"

"ఆవిడ అసలు మంచం ఎక్కడుంది?"

"సామానంతా మా యార్డులో ఉందండీ. ఇనప కంటైనర్లో పెట్టి తాళం వేస్తాం. ఒక తాళంచెవి ఆవిడ అడిగి తీసుకున్నారు, కళ్ళజోడు మర్చిపోయానని. తిరిగి ఇవ్వలేదు. ఇంటివాళ్ళందరూ అంతే, ఒక వస్తువు కోసమని వస్తారు, గంటలకొద్దీ అక్కడే కూర్చుంటారు."

"మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటుంది అబ్బాయ్?" అంది వదిన నాతో. "తన మంచం ఎక్కడుంటే అక్కడ." ఆ తర్వాత, ఏదో ఊసుపోక అడుగుతున్నట్టు, "ఆ కంటైనరు తలుపు బయటినుంచి వేస్తే లోపల గాలి ఆడుతుందా అమ్మా?" అంది.

"చీమ కూడా దూరదండీ. తేమకి చెక్క పాడైపోతుందని తలుపులకి రబ్బరు పట్టీ వేయించాను. ఎండకి పెనంలా కాలుతుంది గానీ, సామానుకి ఏం కాదు."

"పైన చిల్లులుంటాయి కదా!"

ఆ కేక తమ్ముడుగారిది. అందరం ఆయన వంక తిరిగాం.

"పైన గాలి చిల్లులుంటాయి కదా! నేను చూశాను, వరసగా ఉంటాయి!"

"మూయించేశానండీ," అంది మేకప్ మేడమ్, ఏమీ అర్థం కాక. "వాన పడితే నీళ్ళొస్తాయని."

"గాలి ఎవరికోసమండీ?" అంది వదిన మెల్లగా. "సామానుకా?"

ఆయన అక్కడే కూలబడ్డాడు. జేబులోంచి తీసిన అక్కగారి తాళంచెవి కిందపడింది. "చంపాలని కాదు. ఒట్టు. ఒక్క పూట... ఆరు దాటగానే తీద్దామనుకున్నాను. తర్వాత కాళ్ళు పట్టుకుందామనుకున్నాను."

తొందర ఇన్‌స్పెక్టరు వంగి ఆ తాళంచెవి తీసుకున్నాడు. ఆయన మీద నాకు ఎన్నడూ లేని గౌరవం ఆ క్షణంలో కలిగింది. ఒక్క ముక్క వాదించలేదు. తమ్ముడుగారి చెయ్యి పట్టి లేపి, "నా జీపు ముందు పోతుంది, మీరు వెనక రండి," అన్నాడు. తొందర ఆయనకి ఊరికే పుట్టలేదు. ఆ దారిలో ఆ జీపు వెనక కారు నడపడానికి నా పంచప్రాణాలూ స్టీరింగు మీదికి తెచ్చుకున్నాను.

వెనక సీట్లో అమ్మాయి రెండు చేతుల్లో మొహం దాచుకుని ఒకటే మాట అంటోంది: "అమ్మ ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి ఈత నేర్పిందండీ. ఊపిరి ఎలా పట్టాలో అమ్మకి తెలుసు. అమ్మకి తెలుసు." వదిన ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. "నిన్న ఎన్నింటికి తాళం వేశాడో అడగలేదు," అని ఒక్కసారి మాత్రం అంది. ఆవిడ అడగాల్సింది అడక్కుండా వదలడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

ఆదివారం కావడంతో యార్డు బోసిగా ఉంది. వరసలు వరసలుగా ఇనపపెట్టెలు. ప్రహరీ గోడ వారన, సగం నీడలో ఉంది మేం వెతికేది. ఇన్‌స్పెక్టరు తాళం తీశాడు. నేనూ ఆయనా కలిసి కడ్డీ లాగాం. రబ్బరు పట్టీ గుండెలు పిండేలా చప్పుడు చేసింది, తలుపు తెరుచుకుంది, లోపలి వేడి మొహం మీద కొట్టింది.

నేను లోపలికి పరుగెత్తాల్సినవాణ్ణి. గుమ్మంలోనే ఆగిపోయాను.

లోపల ఇల్లుంది. సామాను కాదు, ఇల్లు. ఒక మూల గుర్రపు నాడాలా అరిగిపోయిన సోఫా, దాని ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా. ఇనప గోడకి తాళ్ళతో కట్టిన ఫోటోలు. కిటికీ లేని చోట పాత పువ్వుల కర్టెన్, అటూ ఇటూ సమానంగా తోసి ఉంది. పుస్తకాల అర, కుట్టుమిషను, చిన్నపిల్ల ఎత్తు గీతలు పెట్టిన తలుపు చెక్క కూడా ఊడదీసి తెచ్చి నిలబెట్టింది. మధ్యలో భోజనాల బల్ల, దాని మీద రెండు కంచాలు, రెండు గ్లాసులు. అక్కడ ఆ పాలమీగడ గోడల మధ్య ఏదైతే లేదో అదంతా ఇక్కడ ఈ ఇనపపెట్టెలో ఉంది. ఒంటరి మనిషి, తన చేతులతో, ఒక్కొక్కటీ దాని చోట పెట్టుకుంది. గుడిలో అడుగుపెట్టినట్టు అనిపించి నాకు తెలియకుండానే చెప్పులు విడిచేశాను.

"అమ్మా!"

అమ్మాయి నన్ను తోసుకుంటూ వెళ్ళింది. మంచం పక్కన, నేల మీద, చల్లగా ఉంటుందని తడి దుప్పటి కప్పుకుని వెల్లకిలా పడుకుని ఉంది ఆవిడ. కదలిక లేదు. వదిన మోకాళ్ళ మీద కూర్చుని మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. మేం ఊపిరి బిగబట్టాం.

ఆవిడే ముందు ఊపిరి తీసుకుంది. నెమ్మదిగా, లెక్క ప్రకారం, నీళ్ళలోంచి తల పైకెత్తినట్టు. కళ్ళు తెరిచి కూతుర్ని చూసింది.

"లేచావా?" అంది.

బయట నీడలో కూర్చోబెట్టి కొద్దికొద్దిగా నీళ్ళు పట్టారు. డాక్టరుకి ఫోన్ చేశారు. కాస్త తేరుకున్నాక ఆవిడ కళ్ళు జీపు దగ్గరికి వెళ్ళాయి. తమ్ముడుగారు ఇన్‌స్పెక్టరు పక్కన తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"అరిచారా అక్కగారూ?" అడిగింది వదిన.

"ఇనప గోడల మధ్య ఫోన్ కలవలేదు. మొదట్లో అరిచాను. ఎవరూ పలకలేదు. ఊపిరి వృథా చేయడం ఎందుకని ఆపేశాను. తలుపు బయటినుంచి దానంతటదే పడిపోయిందేమో, వాడు చూసుకుని వస్తాడులే అనుకున్నాను. రాత్రంతా అదే అనుకున్నాను."

"ఆయన్ని భోజనానికి మీరే పిలిచారు కదూ?"

"నేనే. ఇక్కడ పడుకున్న మొదటిరోజే నాకు తెలిసిపోయిందమ్మా. నేనిన్నాళ్ళూ వదలనని పట్టుకు కూర్చుంది వీటిని. ఇవి నాతోనే వస్తాయి. ఆ గోడలు ఎవరివైతే నాకేం? అమ్మేద్దాం రా, సంతకం పెడతాను అని చెబుదామనే వాణ్ణి పిలిచాను. తిన్నాక ఒక మాట చెబుతానురా అన్నాను. వాడు తినేసి, చెయ్యి కడుక్కొస్తానని బయటికెళ్ళాడు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తమ్ముడుగారు తల ఎత్తాడు. ఆయన మొహం వంక నేను చూడలేకపోయాను.

"ముందే చెప్పొచ్చు కదక్కా!" అని గొల్లుమన్నాడు. "కూర్చోగానే చెప్పొచ్చు కదా!"

ఆవిడ అతని వంక చూసింది. కోపంగా కాదు. చిన్నప్పుడు చెప్పిన పాఠం మర్చిపోయిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

"కంచం ముందు డబ్బు మాట ఎత్తకూడదని నాన్న చెప్పేవాడు కదరా," అంది.